జర్మనీలో ఫ్రీలాన్సర్‌గా నమోదు: ఫారం నింపే ముందు విశాఖలోనే తేల్చుకోవాల్సిన సంగతులు

ఎంవీపీ కాలనీ నుంచి ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న ఇది. భర్తకి జర్మనీలో ఉద్యోగం వచ్చింది, బ్లూ కార్డు, అంటే నిపుణులైన ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి, ఖాయమైంది. తను కుటుంబ వీసా మీద వెళ్తోంది. ప్రస్తుతం ఋషికొండలో ఒక కంపెనీకి సాఫ్ట్‌వేర్ పని చేస్తోంది. అక్కడికెళ్లాక అదే పనిని ఫ్రీలాన్సర్‌గా కొనసాగించాలని, సాయంత్రాలు ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం నేర్పాలని, వీలైతే ఏటికొప్పాక బొమ్మలు తెప్పించి అమ్మాలని ఆలోచన. ఎక్కడ రిజిస్టర్ చేసుకోవాలి, ఎంత ఖర్చవుతుంది అని అడిగారు.

నమోదు ఖర్చు దాదాపు సున్నా. పన్ను ఆఫీసుకి, అంటే ఫినాంట్సామ్ట్‌కి, ఆన్‌లైన్‌లో ఒకే ఒక ఫారం పంపాలి, దానికి రుసుము లేదు. పని మొదలుపెట్టిన నెల రోజుల్లోపు పంపితే సరిపోతుంది. కానీ ఆ ఫారంలో మీరు రాసే రెండు మూడు జవాబుల మీదే వచ్చే రెండేళ్ల పన్నూ, జీఎస్టీ లాంటి అమ్మకపు పన్నూ, ఆరోగ్య బీమా కట్టుబడీ ఆధారపడి ఉంటాయి. చాలామంది జర్మనీలో దిగిన వారంలోనే హడావుడిగా నింపేసి, ఏడాది తర్వాత వచ్చే ఉత్తరాలు చూసి కంగారు పడతారు. అందుకే ఫారం గురించి చెప్పే ముందు మిగతావి చెబుతాను.

మొదట చూడాల్సింది మీ నివాస అనుమతి కార్డు మీద రాసిన మాట. 'ఎర్వెర్బ్స్‌టేటిగ్‌కైట్' అనుమతి ఉంది అని రాసి ఉంటే ఉద్యోగమూ చేయొచ్చు, సొంత పనీ చేయొచ్చు. 'బెషెఫ్టిగుంగ్' అని మాత్రమే ఉంటే అది ఉద్యోగానికే, ఫ్రీలాన్స్‌కి పనికిరాదు. ఈ రెండు మాటల తేడా తెలియక ఇబ్బంది పడినవాళ్లు చాలామంది. మీలా కుటుంబ వీసా మీద వెళ్లేవాళ్లకి మొదటి మాటే వస్తుంది, వీసా స్టిక్కర్ మీద కూడా అదే ఉంటుంది. కాబట్టి మీకు వేరే అనుమతి అక్కర్లేదు. మీ భర్త సంగతి అలా కాదు. బ్లూ కార్డు ఉన్నవాళ్లు పక్కన సొంత పని పెట్టుకోవాలంటే ముందు విదేశీయుల ఆఫీసు అనుమతి తీసుకోవాలి. అందుకని "బిల్లు మా ఆయన పేరు మీద వేస్తాను" అనే దారి వద్దు. చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలకీ ఇదే వర్తిస్తుంది. ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేయొచ్చన్న వెసులుబాటు ఉద్యోగానికి సంబంధించింది. ఫ్రీలాన్స్ బిల్లు వేయాలంటే విద్యార్థి ముందుగా విడిగా రాసి అడగాలి.

ఇక పని పేరు. జర్మన్ చట్టం సొంత పనిని రెండు గదుల్లో పెడుతుంది. ఒకటి ఫ్రైబెరూఫ్లర్. వైద్యులు, లాయర్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, విలేకరులు, అనువాదకులు, కళాకారులు, బోధకులు ఇందులోకి వస్తారు. ఆదాయపు పన్ను చట్టం 18వ సెక్షన్‌లో ఈ జాబితా ఉంది. రెండోది గెవెర్బె, అంటే వ్యాపారం. గెవెర్బె అయితే ముందు ఊరి గెవెర్బె ఆఫీసులో నమోదు కావాలి. ఊరిని బట్టి 20 నుంచి 60 యూరోల దాకా తీసుకుంటారు. లాభం ఏడాదికి 24,500 యూరోలు దాటితే విడిగా వ్యాపార పన్ను కూడా పడుతుంది. అయితే అందులో చాలా భాగం ఆదాయపు పన్నులో తగ్గిస్తారు కాబట్టి గెవెర్బె అన్న మాటకే హడలిపోవద్దు. తప్పు గదిలో కూర్చుని, మూడేళ్ల తర్వాత తనిఖీలో బయటపడటమే అసలు నష్టం. ఫారం పంపగానే పన్ను నంబరు ఇచ్చేశారు కదా, మన మాట ఒప్పుకున్నట్టే అనుకోకండి. ఆ నంబరు ఇవ్వడం తీర్పు కాదు, తర్వాత ఎప్పుడైనా మార్చగలరు.

మీ మూడు పనుల్లో సంగీతం నేర్పడం ఫ్రైబెరూఫ్, అందులో అనుమానం లేదు. బొమ్మలు కొని అమ్మడం గెవెర్బె, అందులోనూ అనుమానం లేదు. సాఫ్ట్‌వేర్ మాత్రం మధ్యలో ఉంటుంది. కంప్యూటర్ ఇంజనీరు అన్న మాట ఆ జాబితాలో నేరుగా లేదు. 'ఇంజనీరు లాంటి పని' అని నిరూపించుకోవాలి. అప్లికేషన్ సాఫ్ట్‌వేర్ రూపకల్పన కూడా దీని కిందికి రావొచ్చని జర్మనీ అత్యున్నత పన్ను కోర్టు 2004లో తేల్చింది. అందువల్ల ఆంధ్రా యూనివర్సిటీ బీటెక్ పట్టా ఉండి, క్లయింటు అవసరానికి తగ్గట్టు డిజైన్ చేసి కోడ్ రాసే మనిషికి దారి సుగమమే. అదే బీకాం చదివి అనుభవంతో ఈ రంగంలోకి వచ్చినవాళ్లయితే, ఇంజనీరుకి సమానమైన పరిజ్ఞానం ఉందని పాత ప్రాజెక్టుల పత్రాలతో చూపించాలి. డేటా ఎంట్రీ, వెబ్‌సైట్ల నిర్వహణ, సోషల్ మీడియా ప్రచారం, తయారుగా ఉన్న యాప్ అమ్మకం లాంటివి వ్యాపారం కిందికే పోతాయి.

అందుకే ఫారంలో పని వివరణ దగ్గర 'ఐటీ సేవలు', 'కన్సల్టింగ్' లాంటి గాలి మాటలు రాయకండి. 'క్లయింటు అవసరాన్ని విశ్లేషించి అప్లికేషన్ సాఫ్ట్‌వేర్ రూపొందించడం, అభివృద్ధి చేయడం' అని ఉన్నదున్నట్టు రాయండి, పట్టా నకలు జత చేయండి. ఒకే మనిషి రెండు గదుల్లోనూ పని చేయొచ్చు. అప్పుడు లెక్కలు విడివిడిగా, బిల్లు నంబర్ల వరసలు విడివిడిగా ఉంచుకోవాలి. సాఫ్ట్‌వేర్‌కీ సంగీతానికీ ఒక ఫారం, బొమ్మలకి గెవెర్బె నమోదు, దానికి ఇంకో ఫారం.

ఇప్పుడు మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ కలవరపెట్టిన విషయానికి వస్తాను. "ఇప్పుడు చేస్తున్న కంపెనీకే అక్కడి నుంచి పని చేస్తాను" అన్నారు. విశాఖలో జీతం తీసుకుంటున్న మనిషి జర్మనీలో కూర్చుని అదే మేనేజరు కింద, అవే వేళల్లో, రోజూ ఉదయం అదే మీటింగుకి హాజరవుతూ నెలకోసారి బిల్లు పంపితే జర్మనీ కంటికి అది ఫ్రీలాన్స్ కాదు, ఉద్యోగం. పేరుకే స్వయం ఉపాధి అన్నమాట. పని ఎక్కడ కూర్చుని చేస్తే పన్నూ, సామాజిక బీమా అక్కడే. కంపెనీ విశాఖలో ఉన్నా, డబ్బు విశాఖ ఖాతాలో పడినా ఇది మారదు. ఉద్యోగం అని తేలితే ఆ కంపెనీయే జర్మనీలో యజమానిగా నమోదై బీమా కట్టాలి. మన ఊరి కంపెనీల్లో ఇందుకు ఒప్పుకునేవి తక్కువ. భారత్, జర్మనీల మధ్య సామాజిక భద్రత ఒప్పందం 2017 మే 1 నుంచి అమల్లో ఉంది. కానీ అది కంపెనీయే కొంత కాలానికి పంపించిన ఉద్యోగికి ఇక్కడి పీఎఫ్‌లోనే కొనసాగే వీలు కల్పిస్తుంది. భర్త వెంట స్వయంగా వెళ్తున్న మీకు ఆ వెసులుబాటు రాదు.

కాబట్టి బయల్దేరక ముందే ఆ కంపెనీతో ఒప్పందం మార్చి రాయించుకోండి. నెల జీతం బదులు ఫలానా పనికి ఫలానా మొత్తం అని ఉండాలి. పని వేళలు మీ ఇష్టం, లాప్‌టాప్ మీది, ఇంకొకరికి పని చేసే స్వేచ్ఛ మీకుంది, సెలవు జీతం లేదు అని స్పష్టంగా ఉండాలి. రాయడమే కాదు, నడవడికా అలాగే ఉండాలి. కాగితం మీద ఒకటి, రోజువారీ పనిలో ఇంకొకటి అయితే కాగితం నిలబడదు.

అంతా సవ్యంగా ఉన్నా ఒకే క్లయింటు ఉంటే ఇంకో మెలిక ఉంది. మీ సంపాదనలో ఆరింట అయిదు వంతులు లేదా అంతకన్నా ఎక్కువ ఒక్కరి దగ్గర నుంచే వస్తూ, మీ కింద ఉద్యోగి లేకపోతే, పెన్షన్ బీమా తప్పనిసరి. 2026 లెక్కలో ప్రామాణిక చందా నెలకి 735 యూరోల పైచిలుకు, మొదటి మూడు క్యాలెండరు ఏళ్లు అందులో సగం. సంపాదన తక్కువైతే రుజువు చూపి ఆదాయాన్ని బట్టి 18.6 శాతం కట్టే వీలుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు దరఖాస్తు చేసుకుంటే మూడేళ్ల మినహాయింపు ఇస్తారు. మూడు నెలల్లోపు పెడితే మొదటి రోజు నుంచీ వర్తిస్తుంది, ఆలస్యమైతే దరఖాస్తు పెట్టిన రోజు నుంచే. ఆ మధ్య నెలలకి బిల్లు వస్తుంది. అందుకే మొదటి ఏడాదిలోనే రెండో, మూడో క్లయింటుని వెతుక్కోండి.

సంగీతానికీ పెన్షన్ లెక్క ఉంది. కింద ఉద్యోగి లేకుండా సొంతంగా పాఠాలు చెప్పే బోధకులందరికీ, అది భాష అయినా యోగా అయినా లెక్కలు అయినా, ఆ పని మీద నెల లాభం 603 యూరోలు దాటితే పెన్షన్ బీమా తప్పనిసరి. పైన చెప్పిన మూడేళ్ల మినహాయింపు బోధకులకి లేదు. సంగీతం నేర్పేవాళ్లకి మాత్రం మేలైన దారి ఒకటుంది. కళాకారుల సామాజిక నిధి కేఎస్‌కే అంటారు. సంగీతం పాడినా, నేర్పినా దానికింద చేరొచ్చు. ఆరోగ్య, సంరక్షణ, పెన్షన్ చందాల్లో సగం వాళ్లే భరిస్తారు. ఏడాదికి కనీసం 3,900 యూరోల లాభం ఉండాలి, కొత్తవాళ్లకి మొదటి మూడేళ్లు ఆ షరతు సడలిస్తారు. మీ విషయంలో సాఫ్ట్‌వేర్ సంపాదన పెద్దది కాబట్టి కేఎస్‌కే ద్వారా ఆరోగ్య బీమా రాదు. సంగీతమే ప్రధాన వృత్తి అయినవాళ్లకి మాత్రం అది వరం.

విశాఖలో ఉండగానే చూసుకోవాల్సిన వాటిలో పేరు ముఖ్యం. మన పదో తరగతి సర్టిఫికెట్లో, డిగ్రీ మీద ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో పూర్తిగా విస్తరించి ఉంటుంది, లేదా ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు ఒకే చోట ఉంటుంది. పెళ్లి సర్టిఫికెట్లో మూడో రకం. జర్మనీలో అన్ని ఆఫీసులూ పాస్‌పోర్టు గడినే నమ్ముతాయి. గడి ఖాళీగా ఉన్నవాళ్లు మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసు పరిధిలో ముందే సరిచేయించుకుని, ఆ తర్వాతే వీసాకి వెళ్లడం మంచిది. వీసా వచ్చాక మారిస్తే కొత్త తలనొప్పి. పట్టా, మార్కుల జాబితాలు, అనుభవ పత్రాలు, పాత క్లయింట్ల ఒప్పందాలు స్కాన్ చేసి పెట్టుకోండి. ఇక్కడ జీఎస్టీ నంబరు ఉంటే, ఆఖరి బిల్లు వేసి రద్దు చేయించుకుని వెళ్లండి. పాన్ మాత్రం ఉంచుకోవాలి. మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్నారో ఖాతాగా, అంటే విదేశంలో ఉండేవాళ్ల రూపాయి ఖాతాగా, మార్చమని బ్యాంకుకి రాసివ్వాలి. విదేశంలో స్థిరపడ్డాక పాత ఖాతా అలాగే నడపడం విదేశీ మారక చట్టం ఒప్పుకోదు.

అక్కడ దిగాక మొదటి పని చిరునామా నమోదు. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు ఊరి ఆఫీసులో చేయించాలి, ఇంటి యజమాని సంతకం పెట్టిన ధ్రువపత్రం తీసుకెళ్లాలి. తర్వాత రెండు మూడు వారాల్లో పోస్టులో 11 అంకెల ష్టాయర్ ఐడీ వస్తుంది. ఇది మనిషికి జీవితాంతం ఒకటే, మన పాన్ లాంటిది. బిల్లు మీద వేసేది ఇది కాదు. ఫారం పంపాక ఫినాంట్సామ్ట్ ఇచ్చే ష్టాయర్ నుమ్మర్ వేరు. ఈ రెంటినీ కలగలిపి, ఐడీ వేసి బిల్లులు పంపేవాళ్లు చాలామంది, ఆ బిల్లులు తిరిగొస్తాయి.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి, చిన్నదే గానీ నెలలు తినేస్తుంది. పోస్టు డబ్బా మీద పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. ఇల్లు దొరికే వరకు ఫ్రెండు ఫ్లాట్లో ఉన్నప్పుడూ అంతే. పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరు, మీదీ మీ భర్తదీ వేరైతే రెండూ, డబ్బా మీద అతికించండి. ష్టాయర్ ఐడీ, పన్ను పోర్టల్ ఎల్‌స్టర్ రహస్య కోడు, బీమా ఉత్తరాలు అన్నీ కాగితం మీదే వస్తాయి.

ష్టాయర్ ఐడీ చేతికి రాగానే ఎల్‌స్టర్‌లో ఖాతా తెరవండి. సగం కోడు ఈమెయిల్‌లో, మిగతా సగం పోస్టులో వస్తుంది, రెండు వారాల దాకా పట్టొచ్చు. రెండూ కలిపాక ఒక సర్టిఫికెట్ ఫైలు దిగుతుంది. అదే మీ తాళంచెవి, దాన్ని రెండు చోట్ల దాచండి. ఫైలు పోయినా పాస్‌వర్డు మరిచినా మళ్లీ పోస్టు కోసం ఎదురుచూపే. ఆ తర్వాత మొదట చెప్పిన నమోదు ఫారం కోసం ఫారాల జాబితాలో 'ఫ్రాగెబోగెన్ ట్సుర్ ష్టాయర్లిషెన్ ఎర్‌ఫాసుంగ్' వెతికి, ఒంటరిగా నడిపే వృత్తి రకం ఎంచుకోండి. పేరు, చిరునామా, బ్యాంకు నంబరు లాంటివి తేలికే. లాభం లెక్కించే పద్ధతి దగ్గర, వచ్చిన డబ్బులోంచి ఖర్చు తీసేసే సాదా పద్ధతి ఎంచుకోండి, దాన్ని ఈయూఆర్ అంటారు. అమ్మకపు పన్ను దగ్గర, బిల్లు వేసినప్పుడు కాకుండా డబ్బు చేతికొచ్చినప్పుడే లెక్క అనే ఎంపిక చేయండి. యూరప్ స్థాయి అమ్మకపు పన్ను నంబరు కావాలా అన్న చోట కావాలని టిక్కు పెట్టండి. ఉచితం, తర్వాత అవసరం పడుతుంది.

ఆగి ఆలోచించాల్సినవి రెండు గడులు. ఒకటి, ఈ ఏడాదీ వచ్చే ఏడాదీ లాభం ఎంత ఉంటుందన్న అంచనా. ఆశతో పెద్ద అంకె వేస్తే, ఇంకా ఒక్క యూరో రాకముందే ముందస్తు పన్ను నోటీసు వస్తుంది. మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు నెలల 10వ తేదీల్లో నాలుగు వాయిదాలు. భయపడి సున్నా వేస్తే మొదటి ఏడాది హాయిగా గడుస్తుంది. అసలు దెబ్బ తర్వాత పడుతుంది. రిటర్ను వేశాక మొదటి ఏడాది పన్ను మొత్తం ఒకేసారి, దాంతోపాటు నడుస్తున్న ఏడాది వాయిదాలు వెనక నుంచి లెక్కగట్టి అదే నెలలో అడుగుతారు. కొత్తగా మొదలైన ఫ్రీలాన్సర్లు మునిగేది ఎక్కువగా అక్కడే. చేతిలో ఒప్పందం ఉన్న పనిని మాత్రమే లెక్కేసి, ఖర్చులు తీసేసి అంకె రాయండి. తర్వాత పరిస్థితి మారితే వాయిదాలు తగ్గించమని ఎల్‌స్టర్‌లోనే అడగొచ్చు.

"12,348 యూరోల దాకా పన్నే లేదు కదా" అంటారు. 2026లో ఆ పరిమితి నిజమే, కానీ అది ఒంటరి మనిషికి. భార్యాభర్తలు ఉమ్మడిగా రిటర్ను వేస్తే రెండింతలు ఉంటుంది గానీ, అందులో ఎక్కువ భాగం మీ భర్త జీతమే వాడేసుకుంటుంది. మూడో పన్ను తరగతి ఎంచుకుని ఆయన నెలనెలా ఎక్కువ జీతం చేతికి తీసుకుంటున్నారంటే, మీ వాటా కూడా అందులోనే కరిగిపోయింది. మీ లాభం ఆ జీతం పైన కూర్చుంటుంది. ఆయన జీతం 60,000 యూరోల ప్రాంతంలో ఉంటే మీ లాభంలో ప్రతి వందకీ పాతిక నుంచి ముప్పై యూరోలు పన్నుకే. బిల్లు డబ్బు రాగానే మూడో వంతు వేరే ఖాతాలోకి నెట్టేయండి.

రెండో గడి, క్లైన్‌ఉంటర్‌నేమర్, అంటే చిన్న వ్యాపారి వెసులుబాటు. 2025 నుంచి పరిమితి 25,000 యూరోలు. గడిచిన ఏడాది అమ్మకాలు అంతకు మించకపోతే, ఈ ఏడాది లక్ష దాటనంత వరకు, బిల్లు మీద 19 శాతం పన్ను వేయక్కర్లేదు. మొదలుపెట్టిన ఏడాదిలో మాత్రం 25,000 దాటిన క్షణం నుంచే వెసులుబాటు పోతుంది. మన దగ్గర 20 లక్షల దాకా జీఎస్టీ లేనట్టే ఇదీ అని అందరూ కళ్లు మూసుకుని 'అవును' పెడతారు. జర్మనీలోని తల్లిదండ్రుల దగ్గర ఫీజు తీసుకుని సంగీతం నేర్పే మనిషికి అది సరైనదే. మీ సాఫ్ట్‌వేర్‌కి మాత్రం ఆలోచించాలి. విశాఖ కంపెనీకి చేసే సేవ జర్మన్ అమ్మకపు పన్ను పరిధిలోకే రాదు, క్లయింటు వ్యాపార సంస్థ, ఉండేది బయటి దేశంలో కాబట్టి. ఆ మొత్తం 25,000 లెక్కలోకీ రాదు. అంటే వెసులుబాటు తీసుకోకపోయినా మీరు ఆ కంపెనీ నుంచి పన్ను వసూలు చేసేదేమీ ఉండదు. పైగా మీరు కొన్న 1,190 యూరోల లాప్‌టాప్‌లో 190 యూరోల పన్ను వెనక్కి వస్తుంది. వెసులుబాటు తీసుకుంటే ఆ 190 పోయినట్టే. అయితే వద్దనుకున్నవాళ్లు అయిదేళ్లు ఆ మాట మీదే ఉండాలి, మూడు నెలలకోసారి అమ్మకపు పన్ను లెక్క కూడా పంపాలి, తర్వాతి నెల 10వ తేదీలోపు. క్లయింట్లు ఎక్కువగా భారత్ కంపెనీలే అయితే నా ఓటు వెసులుబాటు వద్దనుకోవడానికే. సంగీతం ఫీజులు ఎక్కువైతే తీసుకోవడానికే. మనిషికి ఒకటే నిర్ణయం, ఒక పనికి అలా, ఇంకో పనికి ఇలా కుదరదు.

వెసులుబాటు తీసుకున్నవాళ్లు తరచూ తప్పేది ఒకటుంది. ఐర్లాండు లాంటి యూరప్ దేశాల కంపెనీల నుంచి సాఫ్ట్‌వేర్ చందాలు గానీ ప్రకటనలు గానీ కొంటే, వాళ్లు పన్ను లేకుండా బిల్లు వేస్తారు. ఆ 19 శాతం మీరే ఫినాంట్సామ్ట్‌కి లెక్క చూపి కట్టాలి. చిన్న వ్యాపారి కదా అని వదిలేయరు.

ఆరోగ్య బీమా దగ్గర జాగ్రత్తగా ఉండండి, చందాలన్నిట్లో ఇదే పెద్దది. మీ భర్త ప్రభుత్వ క్రాంకెన్‌కాసెలో, అంటే ఆరోగ్య బీమా సంస్థలో, ఉంటే, ఆయన కింద మీకు చందా లేకుండా కుటుంబ బీమా వస్తుంది. 2026లో షరతు, మీ నెల ఆదాయం 565 యూరోలు దాటకూడదు. ఫ్రీలాన్సర్‌కి ఆదాయమంటే బిల్లుల మొత్తం కాదు, ఖర్చులు పోను లాభం. ఆ లోపే ఉన్నా, వారంలో ఎక్కువ గంటలు ఈ పనికే పోతున్నాయంటే అదే మీ ప్రధాన వృత్తి అని కాసె తేల్చి, కుటుంబ బీమా ఆపేయొచ్చు. అప్పుడు సొంతంగా సభ్యత్వం తీసుకోవాలి. లాభం ఎంత తక్కువైనా నెలకి 1,318 యూరోలు వస్తున్నట్టే లెక్కగట్టి చందా వేస్తారు. సగటు అదనపు చందాతో కలిపి నెలకి సుమారు 270 యూరోలు, పిల్లలు లేనివాళ్లకి ఇంకో ఏడెనిమిది ఎక్కువ. నెలకి 600 లాభం కోసం 270 కట్టడమంటే గిట్టుబాటు కాని బేరం. కాబట్టి 565 లోపే ఆపుకుంటారా, లేదా 1,500 దాటేలా పని పెంచుకుంటారా అన్నది ముందే తేల్చుకోండి, మధ్యలో నిలబడకండి.

మొదట వేసే చందా తాత్కాలికమే. పన్ను ఉత్తర్వు వచ్చాక అసలు లాభం చూసి సరిచేస్తారు. ఆ ఉత్తర్వు మూడేళ్లలోపు కాసెకి పంపకపోతే ఆ ఏడాదికి అత్యధిక చందా వేస్తారు. 2026 లెక్కలో అది నెలకి 1,190 యూరోల పైమాటే. రిటర్ను బద్ధకించినవాళ్లకి పన్ను జరిమానా కన్నా ఈ దెబ్బే గట్టిది.

మీ భర్త జీతం ఏడాదికి 77,400 దాటితే ప్రైవేటు బీమా వాళ్లు తక్కువ చందా చూపించి పిలుస్తారు. ఆయన అందులో చేరితే మీకు కుటుంబ బీమా ఉండదు, మీరూ ప్రైవేటులోనే విడిగా కట్టుకోవాలి. అక్కడి నుంచి ప్రభుత్వ బీమాలోకి రావడం ఫ్రీలాన్సర్‌కి చాలా కష్టం. ఆయన సంతకం పెట్టే ముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

బిల్లు విషయం తేలికే. మీ పేరు, చిరునామా, క్లయింటు పేరు, చిరునామా, ష్టాయర్ నుమ్మర్ లేదా అమ్మకపు పన్ను నంబరు, తేదీ, వరస తప్పని నంబరు, ఏం పని, ఎప్పుడు చేశారు, ఎంత. విశాఖ కంపెనీకైతే ఈ సేవ జర్మనీలో పన్ను పరిధిలో లేదని ఒక వాక్యం, వెసులుబాటు తీసుకున్నవాళ్లైతే అమ్మకపు పన్ను చట్టం 19వ సెక్షన్ ప్రకారం పన్ను మినహాయింపు అని ఒక వాక్యం. బిల్లులూ రసీదులూ ఎనిమిదేళ్లు దాచాలి. మన దగ్గర వృత్తి నిపుణులు సగం రాబడినే లాభంగా చూపి సరిపెట్టేస్తారు, రసీదుల గొడవ ఉండదు. ఆ అలవాటుతో వెళ్తే నష్టమే. అక్కడ ప్రతి ఖర్చుకీ చీటీ కావాలి. ఇంట్లో కూర్చుని పనిచేసిన రోజుకి 6 యూరోల చొప్పున, ఏడాదికి 1,260 దాకా చీటీ లేకుండా ఖర్చు చూపొచ్చు.

విశాఖ కంపెనీ మీకు డబ్బు పంపేటప్పుడు టీడీఎస్ కోస్తుంది. రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం సాంకేతిక సేవల ఫీజు మీద ఇక్కడి కోత 10 శాతం మించకూడదు. ఆ లాభం దక్కాలంటే ఫినాంట్సామ్ట్ నుంచి 'ఈ మనిషి జర్మనీ నివాసి' అన్న పత్రం తెప్పించి కంపెనీ అకౌంట్స్ విభాగానికి ఇవ్వాలి. లేకపోతే 20 శాతం పైగా కోస్తారు, అదనంగా పోయింది జర్మనీ తిరిగివ్వదు. సక్రమంగా కోసిన 10 శాతాన్ని మాత్రం అక్కడి పన్నులో తగ్గిస్తారు. ఆ పత్రం చేతికి రావడానికి వారాలు పడుతుంది కాబట్టి, నుమ్మర్ రాగానే అడగండి, మొదటి బిల్లుకి ముందే. డబ్బు విశాఖ ఎన్నారో ఖాతాలో రూపాయల్లో వేయించుకున్నా జర్మనీ రిటర్నులో చూపాల్సిందే.

వార్షిక రిటర్ను తర్వాతి ఏడాది జులై 31లోపు. ఆలస్యమైతే నెలకి కనీసం 25 యూరోల చొప్పున జరిమానా. పన్ను సలహాదారుని పెట్టుకుంటే గడువు పొడుగవుతుంది. ఇద్దరు ముగ్గురు క్లయింట్లున్న సాఫ్ట్‌వేర్ లెక్క మీరే వేసుకోగలరు. మొదటి ఏడాది భారత్ టీడీఎస్ ఉంది కాబట్టి ఒక్కసారి డబ్బు పెట్టి చేయించుకుని, ఆ నమూనా చూసి తర్వాత నుంచి మీరే చేసుకోండి.

ఏటికొప్పాక బొమ్మల సంగతి. లక్క బొమ్మ అంటే నాకూ మక్కువే, ఆ రంగులన్నీ చెట్ల నుంచీ గింజల నుంచీ తీసినవని చెబితే అక్కడ కొనేవాళ్లుంటారు కూడా. కానీ మొదటి ఏడాది వద్దంటాను. పిల్లలు ఆడుకునే వస్తువుని యూరప్‌లోకి తెచ్చి అమ్మితే దిగుమతిదారు మీరే. బొమ్మల భద్రతా నియమాల ప్రకారం పరీక్షలు చేయించి సీఈ గుర్తు వేయాలి. రంగు పిల్లాడి నోట్లో వదలకూడదు, చిన్న ముక్క ఊడకూడదు. అలంకార వస్తువు అని చీటీ అంటిస్తే సరిపోదు, చూడగానే పిల్లలు ఆడుకునేలా ఉంటే బొమ్మే. దానికి తోడు దిగుమతి మీద 19 శాతం పన్ను. ఇక పార్సిలు డబ్బా, అట్టముక్క బయటికి పంపే ప్రతి అమ్మకందారూ లూసిడ్ అనే ప్యాకింగ్ రిజిస్టరులో చేరి, రీసైక్లింగ్ సంస్థకి చందా కట్టాలి. మొదటి పార్సిల్ నుంచే, కనీస పరిమితి ఏమీ లేదు. పరీక్షలకి ఏ మోడలు ఎంచుకోవాలో ఏటికొప్పాక కళాకారులతో కూర్చుని, అయిదారు రకాలకే పరిమితమై, రెండో ఏడాది మొదలుపెడితే నిలదొక్కుకుంటారు.

ఈ ప్రశ్న చదివే పెళ్లికాని వాళ్ల కోసం ఒక మాట. భర్తో భార్యో వీసా లేకుండా నేరుగా ఫ్రీలాన్సర్‌గా వెళ్లాలంటే నివాస చట్టం 21వ సెక్షన్ కింద దరఖాస్తు. పట్టా, పాత పని నమూనాలు, ఆదాయ అంచనా, జర్మనీలో చెల్లే ఆరోగ్య బీమా, అన్నిటికన్నా ముఖ్యంగా పని ఇస్తామని జర్మనీ క్లయింట్లు రాసిచ్చిన ఉత్తరాలు కావాలి. ప్రయాణ బీమా చెల్లదు, 45 దాటినవాళ్లు వృద్ధాప్య పొదుపు కూడా చూపించాలి. విశాఖ క్లయింట్ల ఉత్తరాలే తీసుకెళ్తే "ఆ పని అక్కడి నుంచే చేయొచ్చు కదా" అని అడుగుతారు.

చెల్లెమ్మా, ప్రయాణానికి ఇంకా సమయం ఉంది కాబట్టి ఈ వారం రెండు పనులు చేయండి. మీ కంపెనీ హెచ్ఆర్‌తో ఒప్పందం మార్పు గురించి మాట్లాడండి. మీ భర్త ఏ క్రాంకెన్‌కాసె ఎంచుకుంటున్నారో కనుక్కుని, 'వారానికి ఇన్ని గంటలు, నెలకి ఇంత లాభం వస్తే నా భార్యకి కుటుంబ బీమా ఉంటుందా' అని ఆయన చేత ఈమెయిల్‌లో అడిగించండి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు, రాతపూర్వకంగా వచ్చిన జవాబునే ఫైలులో పెట్టుకోండి. ఆ జవాబులో ఉన్న గంటలూ లాభమూ చూసుకునే ఫారంలో అంచనా గడి నింపండి.